దగ్గినంతనే జారు మూత్రము: శస్త్రచికిత్సయు, దాని ఫలితములును

కొన్ని వ్యాధులు శరీరమును నొప్పించును. మరికొన్ని, నొప్పి యన్నది లేకయే, మనిషిని నలుగురికి దూరము చేయును. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, బరువెత్తినప్పుడు, ఒక్కొక్కప్పుడు మనసారా నవ్వినప్పుడు సైతము, ఆపుకొనుటకు వీలు లేకుండ మూత్రము జారుట ఈ రెండవ కోవకు చెందిన బాధ. దీనిని అనుభవించువారిలో మిక్కిలిమంది స్త్రీలు. అందును బిడ్డలను కన్న తల్లులు. వారు ఈ సంగతి భర్తతో చెప్పరు, అత్తగారితో చెప్పరు, వైద్యునితోను చెప్పరు. చెప్పని వ్యాధికి మందు లేదు గనుక, నయమగుటకు వీలున్న బాధను ఏండ్ల తరబడి మోయుచుందురు.

శ్రీకాకుళము జిల్లాలోని పలాస, టెక్కలి ప్రాంతములయందును, ఉద్దానపు తీరమునందును ఈ విషయమును విడమరచి చెప్పుటకు ఒక ప్రత్యేక కారణము కలదు. అచ్చటి స్త్రీల పని తీరును చూడుడు. పలాస, కాశీబుగ్గలలో జీడిపిక్కలను కాల్చి, కొట్టి, పప్పు ఒలుచు పనిలో వేలకొలది స్త్రీలు ప్రొద్దుననుండి సాయంకాలము దాక ఒకే చోట కూర్చుండి పని చేయుదురు. భావనపాడు, నువ్వలరేవు, బారువ మొదలగు తీరగ్రామములలో చేపల గంపలను తలకెత్తుకొని నడుతురు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలములలోని కొబ్బరి, జీడిమామిడి తోటలలో బరువులు మోయుదురు. పొగ వలన వచ్చు దగ్గు, తలపై బరువు, ఎడము లేని కాన్పులు - ఈ మూడును మూత్రము జారుటకు అనువైన పరిస్థితులే. పని చోట మరుగుదొడ్డి లేనిచో ఆ స్త్రీ ఏమి చేయును? నీరు త్రాగుట మానును. మండుటెండలో చెమటోడ్చుచు, దాహము వేసినను, గుక్కెడు నీటితో సరిపెట్టుకొనును.

మేము ఈ వ్యాసమున ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే: మూత్రము జారుట ప్రాణాంతకము కాదు, కాని దానిని దాచుటకై నీరు మానుట, అందును ఉద్దానము వంటి చోట, అపాయకరము. ఆ అపాయమును కొనితెచ్చుకొన నక్కర లేదు. ఏలన, దీనికి చికిత్స కలదు.

కుళాయి వేరు, పంపు వేరు

ఉద్దానమున మూత్రమునకు సంబంధించిన ఏ బాధ కలిగినను మొదట కలుగునది కిడ్నీ భయము. అది సహజమే. గత శతాబ్దపు చివరి దశకమునుండి అచ్చట దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి వందలాది కుటుంబములను కూల్చినది. చదువురాని వారికి సైతము క్రియాటినిన్ అను మాట అచ్చట నోటికి వచ్చును. ఆ వ్యాధికి మూలకారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు. ఎండలో శ్రమించి దేహము నీటిని కోల్పోవుట, త్రాగునీటిలోని పదార్థములు, పురుగుమందులు - ఇట్లు అనేక కారణములు పరిశోధకుల పరిశీలనలో నున్నవి.

కాని దగ్గినప్పుడు మూత్రము జారుట ఆ వ్యాధికి లక్షణము కాదు. మూత్రపిండములు మూత్రమును తయారు చేయును. మూత్రాశయము దానిని నిలువ చేయును. మూత్రమార్గము దానిని వెలికి పంపును. ఊరికి నీరిచ్చు పంపు వేరు, ఇంటిలోని కుళాయి వేరు. కుళాయి కారినంత మాత్రమున పంపు చెడినదని ఎవరును అనరు. జారుడు కుళాయికి వచ్చిన లోపము. ఉద్దానపు వ్యాధి పంపునకు వచ్చిన లోపము. పంపు చెడుట మొదటి దశలలో పైకి ఏ గుర్తును చూపదు. రక్తపరీక్ష చేతనే అది తెలియును. కనుక జారుడు ఉన్నవారు కిడ్నీ పోయినదని బెంగ పెట్టుకొనరాదు. జారుడు లేనివారు కిడ్నీకి ఏమియు కాలేదని ధీమాగా ఉండనురాదు. ఆ ప్రాంతమువారు రెండు సంగతులను వేర్వేరుగా పరీక్ష చేయించుకొనుట మంచిది.

మూత్రము ఎట్లు నిలుచును, ఎందుకు జారును

ఈ వ్యాధిని వైద్యులు ఒత్తిడి వలన కలుగు మూత్రస్రావము అందురు. ఇచ్చట ఒత్తిడి యనగా మనస్సునకు కలుగు ఆందోళన కాదు. దగ్గు, తుమ్ము, బరువు మొదలగువాని వలన కడుపులో పుట్టు ఒత్తిడి.

మూత్రాశయము క్రింద, మూత్రమార్గమునకు ఆధారముగా, కటిభాగపు కండరములును వానిని అంటియున్న పటలములును ఒక జోలె వలె పరచుకొని యుండును. ఈ జోలె గట్టిగా నున్నంత కాలము, దగ్గు వచ్చినప్పుడు పైనుండి దిగు ఒత్తిడికి మూత్రమార్గము ఆ జోలెకు అదుముకొని మూసికొనును. దీనిని తెలిసికొనుటకు కొబ్బరితోటకు పోయిన చాలును. నీరు పారుచున్న రబ్బరు గొట్టమును గట్టి నేలపై నుంచి కాలితో త్రొక్కినచో నీరు ఆగును. అదే గొట్టమును ఉద్దానపు మెత్తని ఇసుకలో నుంచి త్రొక్కినచో గొట్టము ఇసుకలోనికి దిగునే గాని నీరు ఆగదు. గొట్టము మారలేదు, కాలు మారలేదు; మారినది అడుగున నున్న నేల. డీలాన్సీ అను అమెరికా వైద్యుడు 1994లో ఈ వ్యాధి తత్త్వమును దాదాపు ఇట్టి పోలికతోనే వివరించెను.

ఆ నేల మెత్తబడుటకు ప్రధాన కారణము కాన్పు. బిడ్డ తల బయటికి వచ్చునప్పుడు ఆ కండరములు, వాని నరములు సాగును, కొన్నిచోట్ల చిట్లును. మిక్కిలి కాలము సాగిన నొప్పులు, పెద్ద బిడ్డ, పట్టుకారుతో చేసిన కాన్పు - ఇవి హాని నెక్కువ చేయును. తరువాత వయసు, బహిష్టులు ఆగుట, స్థూలకాయము, మానని దగ్గు, మలబద్ధకము, నిత్యము బరువులెత్తుట తోడగును. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స వలననే ఇది వచ్చినదని చాలమంది తలతురు. అది సరి కాదు. ఆ చికిత్సలో అండవాహికలను కట్టివేయుదురే గాని మూత్రమార్గపు ఆధారమును తాకరు.

జారుడు అన్నియు ఒకటి కావు. దగ్గుతో, బరువుతో జారునది ఒక రకము. ఉన్నట్టుండి తొందర పుట్టి, మరుగుదొడ్డి చేరులోపలనే తడియుట రెండవ రకము. ఇది మూత్రాశయము అదుపు తప్పి ముడుచుకొనుట వలన కలుగును, దీనికి శస్త్రచికిత్స కాక మందులు, అలవాట్ల మార్పు మొదటి చికిత్స. రెండును కలిసిన మిశ్రమ రకము కూడ కలదు. కష్టమైన కాన్పు తరువాతనో, గర్భసంచి తీసిన తరువాతనో రాత్రింబవళ్ళు నిరంతరము కారుచున్నచో అది మూత్రాశయమునకు పడిన రంధ్రము కావచ్చును. దానికి వేరు శస్త్రచికిత్స కావలెను. మంట, జ్వరము ఉన్నచో మూత్రమున సూక్ష్మజీవులు చేరినవని అనుమానింపవలెను. రాత్రివేళ పలుమార్లు లేవవలసి వచ్చుచున్నచో మధుమేహమునకు, మూత్రపిండములకు పరీక్ష అవసరము. మూత్రమున రక్తము కనబడినచో ఒక్క దినమైనను ఆలస్యము చేయరాదు.

శస్త్రచికిత్సకు ముందు చేయదగినవి

చికిత్స యనగానే కత్తి కాదు. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అను అమెరికా వైద్యుడు కటిభాగపు కండరములకు వ్యాయామమును ప్రచారములోనికి తెచ్చెను. నేటికిని అదియే మొదటి మెట్టు. మూత్రమును, అపానవాయువును ఒకేసారి బిగబట్టినట్లు లోపలి కండరములను పైకి బిగించి, అయిదు లెక్కించునంతవరకు నిలిపి, అంతసేపు వదలవలెను. అలవాటైన కొలది పది వరకు పెంచవలెను. ఒక్కొక్క తడవకు ఎనిమిది బిగింపులు, దినమునకు మూడు తడవలు, ఎంత లేదన్నను మూడు నెలలు చేయవలెను. పొట్టను, తొడలను, పిరుదులను బిగింపరాదు, ఊపిరి బిగబట్టరాదు. మూత్రము పోయుచు మధ్యలో ఆపుటను అలవాటు చేసికొనరాదు. దగ్గు రానున్నదని తెలిసిన క్షణమున ముందుగా బిగించుట నేర్చినచో కొందరికి కొలది దినములలోనే గుణము కనబడును. ఈ వ్యాయామమునకు ఖర్చు లేదు. పప్పు ఒలుచుచు, రేడియో వినుచు కూడ చేయవచ్చును. అయితే చాలమంది ఏ కండరమును బిగింపవలెనో తెలియక తప్పు చేయుదురు. కనుక మొదట ఒకసారి వైద్యురాలి యొద్దనో, ఫిజియోథెరపీ తెలిసినవారి యొద్దనో సరిచూచుకొనుట మేలు.

దగ్గునకు చికిత్స చేయించుకొనుట, మలబద్ధకమును పోగొట్టుకొనుట, స్థూలకాయులు బరువు తగ్గుట, టీ కాఫీలను మితము చేయుట వ్యాయామమునకు తోడు. నీటిని మాత్రము తగ్గింపరాదు. నీరు తక్కువైనచో మూత్రము చిక్కబడి మూత్రాశయమును రేపును. అందువలన తొందర ఎక్కువగును, సూక్ష్మజీవులు చేరుటకు వీలు కలుగును. మూత్రపిండ వ్యాధి ముదిరి వైద్యుడు నీటికి పరిమితి విధించినవారు మాత్రము ఆ పరిమితిని పాటింపవలెను.

శస్త్రచికిత్స యందలి విధములు

మూడు నాలుగు నెలలు శ్రద్ధగా వ్యాయామము చేసినను గుణము చాలనప్పుడు శస్త్రచికిత్సను గూర్చి ఆలోచింపవలెను. దీని చరిత్ర నూరేండ్లకు మించినది. 1914లో బాల్టిమోరుకు చెందిన హోవర్డ్ కెల్లీ మూత్రాశయపు మెడ క్రింది పటలమును మడచి కుట్టు పద్ధతిని ప్రకటించెను. అది సులభమైనదే, కాని కాలము గడచిన కొలది కుట్టు సడలి జారుడు తిరుగబెట్టుట ఎక్కువ. కనుక జారుటకై దానినొక్కదానినే చేయుట నేడు మంచి పద్ధతిగా నెంచబడుట లేదు.

తరువాత వచ్చినవానిలో నిలిచినవి ముఖ్యముగా మూడు. మొదటిది 1961లో జాన్ బర్చ్ ప్రకటించిన పద్ధతి. మూత్రాశయపు మెడకు ఇరుప్రక్కల నున్న యోని పటలమును, ముందరి కటి ఎముక వెనుక నున్న గట్టి బంధనమునకు దారములతో కట్టి పైకి నిలుపుదురు. దీనికి పొత్తికడుపున కోత అవసరము. నేడు దుర్భిణి ద్వారా చిన్న రంధ్రములతోను చేయుచున్నారు.

రెండవది రోగి సొంత కణజాలముతో చేయు జోలెపట్టీ. ఆల్డ్రిడ్జ్ అను వైద్యుడు 1942లో ప్రకటించిన పద్ధతినుండి ఇది అభివృద్ధి చెందినది. పొత్తికడుపు కండరములపై నుండు గట్టి పొరనుండి సన్నని పట్టీని తీసి, మూత్రమార్గము క్రిందుగా జోలె వలె వేయుదురు. పరాయి వస్తువు శరీరములో నుండదు. కాని కోత పెద్దది, కోలుకొనుటకు కాలము పట్టును.

మూడవది స్వీడన్ దేశీయుడు ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్ 1996లో ప్రకటించిన పద్ధతి. పాలీప్రొపిలీన్ అను ప్లాస్టిక్ దారముతో అల్లిన, సుమారు ఒక సెంటీమీటరు వెడల్పు గల వలపట్టీని యోనిలో చిన్న కోత ద్వారా ప్రవేశపెట్టి, మూత్రమార్గపు నడిమి భాగము క్రింద ఉంచుదురు. దాని కొనలు ముందరి ఎముక వెనుకగా పైకి పోవును. అది మూత్రమార్గమును లాగి కట్టదు. దగ్గినప్పుడు మాత్రము దానికి ఆనుకొనుటకు గట్టి నేల నిచ్చును. 2001లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు డెలార్మ్ ఈ పట్టీని గజ్జల మార్గమున త్రోయు పద్ధతిని కనుగొనెను. ఈ శస్త్రచికిత్సకు పట్టు కాలము స్వల్పము. ఆ దినముననో మరునాడో ఇంటికి పోవచ్చును.

ఇవి గాక మూత్రమార్గపు గోడలోనికి జెల్లు వంటి పదార్థమును ఎక్కించు సూదిమందు పద్ధతి కలదు. శ్రమ తక్కువ, ఫలమును తక్కువ, మరల మరల చేయించుకొనవలసి రావచ్చును. మత్తునకు, పెద్ద శస్త్రచికిత్సకు తట్టుకొనలేని వారికి అది తగును.

ఫలితములు

శస్త్రచికిత్స చేయించుకొన్న స్త్రీలలో ఎందరికి నయమగును? ఈ ప్రశ్నకు ఒకే అంకెను జవాబుగా చెప్పువారిని నమ్మరాదు. జవాబు, దేనిని నయమని పిలిచితిమో దానిపై ఆధారపడును.

2007లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో 655 మంది స్త్రీలను రెండు భాగములుగా చేసి, ఒక భాగమునకు సొంత కణజాలపు జోలెపట్టీని, రెండవ భాగమునకు బర్చ్ పద్ధతిని చేసిరి. రెండేండ్ల తరువాత, దగ్గు తుమ్ములతో జారుట అను ఒక్క లక్షణమును బట్టి చూడగా, జోలెపట్టీ వారిలో నూటికి 66 మందికి, బర్చ్ వారిలో 49 మందికి నయమైనది. కాని ఏ రకపు జారుడును లేకుండుట, పరీక్షలన్నిటను పొడిగా నుండుట అను కఠినమైన కొలతతో కొలిచినప్పుడు అవే అంకెలు 47, 38కి దిగినవి. స్త్రీలు మారలేదు, శస్త్రచికిత్స మారలేదు; మారినది కొలత. ఇంకొక సంగతి. జోలెపట్టీ వారికి ఫలితము మెరుగైనను, మూత్రము ధారాళముగా రాకుండుట, మూత్రమున సూక్ష్మజీవులు చేరుట, తొందర పుట్టుట వారిలోనే ఎక్కువ.

వలపట్టీ మార్గములు రెండింటిని పోల్చిన పరిశోధన 2010లో వెలువడినది. అందు 597 మంది స్త్రీలు పాల్గొనిరి. ఏడాది తరువాత వైద్యపరీక్షల ప్రకారము ఎముక వెనుక మార్గమున నూటికి 80.8, గజ్జల మార్గమున 77.7 మందికి నయమైనది. స్త్రీలు స్వయముగా చెప్పిన దానిని బట్టి చూడగా ఆ అంకెలు 62.2, 55.8. మొదటి మార్గమున మూత్రాశయమునకు రంధ్రము పడుట, మూత్రము రాక మరల శస్త్రచికిత్స చేయవలసి వచ్చుట అధికము. రెండవ మార్గమున తొడలలో నరముల బాధ అధికము. ఏ మార్గమునకు ఆ మార్గపు వెల యున్నది.

వ్యాయామము మేలా, శస్త్రచికిత్స మేలా అను ప్రశ్నకు 2013లో హాలండునుండి జవాబు వచ్చినది. 460 మంది స్త్రీలలో సగముమందికి మొదట వ్యాయామమును, సగముమందికి మొదట వలపట్టీని ఇచ్చిరి. ఏడాదికి మెరుగైనదని చెప్పినవారు శస్త్రచికిత్స భాగమున నూటికి 90.8, వ్యాయామ భాగమున 64.4. వ్యాయామము మొదలుపెట్టిన వారిలో దాదాపు సగముమంది మధ్యలో శస్త్రచికిత్సకు మారిరి. దీనిని రెండు విధముల చదువవచ్చును. జారుడు తీవ్రముగా నున్నచో శస్త్రచికిత్స బలమైన మందు. అయినను సగముమందికి కత్తి అవసరమే కలుగలేదు. మొదట వ్యాయామము చేసి చూచినందువలన నష్టపోవునది ఏమియు లేదు.

ఎంతకాలము నిలుచునన్నది మరియొక ప్రశ్న. తొలి దినములలో వలపట్టీ వేసికొన్న ఉత్తర ఐరోపా స్త్రీలను 17 సంవత్సరముల తరువాత పరీక్షింపగా, పరీక్షకు వచ్చిన వారిలో నూటికి 90 మందికి పైగా దగ్గినను జారుడు లేదు. అది చిన్న గుంపే. అయినను పట్టీ దీర్ఘకాలము పనిచేయగలదని దానివలన తేలినది.

వలపట్టీ వలని చిక్కులు

మంచి ఫలితములు ఉన్నవని చిక్కులను దాచుట న్యాయము కాదు. ప్లాస్టిక్ పట్టీ కొందరిలో యోని పటలమును ఒరసి బయటికి కనబడును. కొందరికి మానని నొప్పిని, దాంపత్యమున బాధను కలిగించును. ఒకసారి కణజాలములో పాతుకొనిన పట్టీని పూర్తిగా తీయుట కష్టము. ఇంగ్లండులో 95,000 మందికి పైగా స్త్రీల ఆసుపత్రి లెక్కలను పరిశీలించి 2018లో ప్రకటించిన దాని ప్రకారము, తొమ్మిదేండ్లలో నూటికి 3.3 మందికి పట్టీని కొంతయో అంతయో తీయవలసి వచ్చినది. అంకె చిన్నదే. కాని ఆ ముగ్గురిలో తానొకతె యైన స్త్రీకి అది చిన్నది కాదు. బాధితుల మొర విని బ్రిటిష్ ప్రభుత్వము 2018 జూలైలో ఈ పట్టీల వాడకమును నిలిపివేసెను. బారనెస్ కంబర్లెజ్ అధ్యక్షతన జరిగిన విచారణ నివేదిక 2020 జూలైలో వెలువడినది. స్త్రీలు చెప్పిన బాధను వైద్యవ్యవస్థ చాలకాలము చెవిని పెట్టలేదని ఆ నివేదిక తేల్చినది.

మన దేశమున వలపట్టీ శస్త్రచికిత్సయు, సొంత కణజాలపు శస్త్రచికిత్సయు రెండును జరుగుచున్నవి. ఏది మంచిదని మేము ఇచ్చటనుండి తీర్పు చెప్పజాలము. శరీరములో ప్లాస్టిక్ పట్టీ జీవితాంతము ఉండునని ముందుగా స్త్రీకి తెలియజెప్పి, ఆమె సమ్మతిని పొందిన పిదపనే వేయవలెను. సంతకము పెట్టిన కాగితము వేరు, అర్థము చేసికొన్న సమ్మతి వేరు.

గర్భసంచి తీయుట దీనికి మందు కాదు

మన రాష్ట్రమున ఈ మాటను నొక్కి చెప్పవలసి యున్నది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటను నూటికి 3.2 కాగా, ఆంధ్రప్రదేశమున 8.9. పొత్తికడుపు నొప్పి యనినను, తెల్లబట్ట యనినను, మూత్రము జారుననినను గర్భసంచి తీయుటయే పరిష్కారమను నమ్మకము పల్లెలలో నాటుకొని యున్నది. జారుడు గర్భసంచి వలన కలుగునది కాదు. మూత్రమార్గపు ఆధారము సడలుట వలన కలుగునది. సడలిన నేలను బాగుచేయక ప్రక్కనున్న చెట్టును కొట్టివేసిన ఏమి లాభము? స్వీడన్‌లో గర్భసంచి తీయించుకొన్న 1,65,000 మందికి పైగా స్త్రీలను ఇతరులతో పోల్చి చూచిన పరిశోధన 2007లో వెలువడినది. గర్భసంచి తీయించుకొన్నవారికి తరువాతి కాలమున జారుటకై శస్త్రచికిత్స అవసరమగు సంభావ్యత రెట్టింపునకు మించినదని అందు తేలినది. గర్భసంచి తీయవలసిన వ్యాధులు వేరే కలవు. మూత్రము జారుట ఒక్కటే కారణముగా దానిని తీయుదుమని ఎవరైనను చెప్పినచో, మరియొక వైద్యుని అభిప్రాయమును తప్పక పొందవలెను.

పరీక్షలు, ప్రశ్నలు, విశ్రాంతి

మొదటి పరీక్షకు దూరము పోనక్కర లేదు. టెక్కలి జిల్లా ఆసుపత్రిలోనో, పలాస, సోంపేటల ప్రభుత్వ ఆసుపత్రులలోనో స్త్రీవైద్యురాలికి చూపించుకొనవచ్చును. ఊరి ఆశా కార్యకర్తతో చెప్పినచో ఆమె దారి చూపగలదు. మూత్రాశయము నిండియుండగా దగ్గించి చూచుట, మూత్రపరీక్ష, రక్తమున చక్కెర, క్రియాటినిన్, మూత్రము పోసిన తరువాత లోపల ఎంత మిగిలినదో చూచు స్కానింగు - ఇవి ముఖ్యమైనవి. శస్త్రచికిత్స అవసరమైనచో శ్రీకాకుళములోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రినో, విశాఖపట్టణములోని కింగ్ జార్జి ఆసుపత్రినో ఆశ్రయింపవచ్చును. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ అను పేర నడచుచున్న పథకము తమ చికిత్సకు వర్తించునో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగానే అడిగి తెలిసికొనవలెను.

ఉద్దానమువారు క్రియాటినిన్ ఫలితమును శస్త్రచికిత్సకు ముందే వైద్యునికి, మత్తు ఇచ్చువారికి చూపవలెను. మూత్రపిండములు బలహీనముగా నున్నవారికి డైక్లోఫెనాక్ వంటి నొప్పిమాత్రలు హాని చేయును. వారికి మార్గాంతరము కలదు. ఇంకను బిడ్డలు కావలెనని కోరువారు, కాన్పుల తరువాత శస్త్రచికిత్స చేయించుకొనుట యుక్తము.

వైద్యుని అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. నాకున్నది ఏ రకపు జారుడు? మీరు చేయు పద్ధతి ఏది, ఇంతవరకు ఎందరికి చేసితిరి? ప్లాస్టిక్ పట్టీ వేయుదురా, నా కణజాలమునే వాడుదురా? మూత్రము రాకపోయినచో ఏమి చేయుదురు? అయిదేండ్ల తరువాత చిక్కు వచ్చినచో ఎవరిని కలియవలెను? ఈ ప్రశ్నలకు ఓర్పుతో జవాబిచ్చు వైద్యుని చేతిలో శస్త్రచికిత్స చేయించుకొనుట క్షేమము. వేసిన పట్టీ పేరును, తేదీని వ్రాసిన కాగితమును ఇంటిలో భద్రపరచవలెను.

శస్త్రచికిత్స తరువాత కొన్ని దినములు మూత్రము మెల్లగా వచ్చుట, అరుదుగా గొట్టముతో ఇంటికి పోవలసి వచ్చుట కలుగవచ్చును; చాలమందికి అది తానే సర్దుకొనును. దాదాపు ఆరు వారములు బరువు లెత్తరాదు, దాంపత్యము కూడదు. ఇచ్చటనే ఇంటివారి పాత్ర ఉన్నది. నీటి బిందె, చేపల గంప, జీడిపిక్కల బస్తా ఆరు వారముల వరకు మరియొకరు మోయవలెను. కూలి పోవునను భయముతో పది దినములకే పనిలోనికి దిగినచో, శస్త్రచికిత్స చెడుటకు నేరము కత్తిది కాదు. భర్తయు, అత్తగారును ఈ ఆరు వారములను చికిత్సలో భాగముగానే లెక్కింపవలెను.

2023 డిసెంబరు 14న పలాసలో మూత్రపిండ పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రిని ప్రారంభించిరి. ఆ దినముననే హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని గొట్టముల ద్వారా ఉద్దానమునకు తెచ్చు మంచినీటి పథకమునకును ప్రారంభోత్సవము జరిగినది. మంచినీరు గడప వరకు వచ్చుట గొప్ప సంగతియే. కాని ఇంటి ఇల్లాలు, బట్ట తడియునను సిగ్గుతో, ఆ నీటిని త్రాగకున్నచో గడపలోనికి వచ్చిన నీరు ఆమెకు రానట్లే. పని చోట్ల మరుగుదొడ్లు కట్టించుట యజమానుల ధర్మము. బరువు పంచుకొనుట ఇంటివారి ధర్మము. విని, పరీక్షించి, నిజము చెప్పుట వైద్యుల ధర్మము. నోరు విప్పి బాధను చెప్పుట మాత్రము ఆ తల్లి చేయవలసిన పని. ఆమె చెప్పిన దినమున నవ్వక, కసరక వినువారు ఇంటిలో ఒక్కరున్నను చికిత్స సగము మొదలైనట్లే.